పులుపు తింటే కీళ్లు పట్టేస్తాయా?

నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు మీద, మిర్యాలగూడ ఇంకాస్త దూరం ఉందనగా వేములపల్లి వస్తుంది. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే ఊరు. కాల్వ ఉంటే వరి, వరి ఉంటే నాట్లు, నాట్లుంటే నడుములూ మోకాళ్లూ. పొద్దంతా బురదలో వంగి నాటేసిన ఆడవాళ్లు మాపటికి అరుగు మీద చేరి, జిందా తిలిస్మాత్ రుద్దుకుంటూ చెప్పుకునే మాటల్లో సగం తిండి గురించే ఉంటాయి. "వంకాయ మానెయ్యి", "చింతపండు ముట్టకు", "పరగడుపున మెంతులు మింగు", "మా మరదలు ఏదో పొడి వాడుతున్నది, నీకూ తెప్పిస్త".

మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు పదేళ్లుగా ఉన్నాయి. ఆమధ్య ఒక మధ్యాహ్నం ఆమె మందుల సంచి మంచం మీద కుమ్మరించాం. పసుపు క్యాప్సూళ్లు, చూపుడువేలి కణుపంత పెద్ద మాత్రలు, విటమిన్ డి ప్యాకెట్, అవిసె గింజలు, నల్లేరు పొడి, నల్ల ఉప్పు పొట్లం, వీటన్నిటి అడుగున పేరూ ఊరూ లేని తెల్లకాగితంలో చుట్టిన బూడిదరంగు పొడి. ఒక్కోదాని కథ వెతుక్కుంటూ పోతే తేలిన విశేషాలివి.

అన్నీ వాతాలే, అన్నీ ఒకటి కావు

మన ఇళ్లలో కీలు ఎక్కడ నొప్పెట్టినా 'వాతం' అంటారు. ఆయుర్వేదం మాత్రం దీన్ని ఎప్పుడో విడదీసింది. సంధివాతం వేరు, ఆమవాతం వేరు, వాతరక్తం వేరు. ఇవాళ్టి డాక్టర్ల భాషలో చెప్పాలంటే, కీలు అరిగి వచ్చే ఆస్టియో ఆర్థరైటిస్‌కు మొదటిది దగ్గర. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు రెండోది దగ్గర. యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్‌కు మూడోది.

పోల్చుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. పొద్దున లేచాక వేళ్లు గంటదాకా ముడుచుకోకుండా బిగుసుకుపోతుంటే, రెండు చేతుల కణుపులూ ఒకేలా వాస్తుంటే అది 'గుజ్జు అరగడం' కాకపోవచ్చు. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టుంటే గౌట్ అని అనుమానించాలి. మెట్లు దిగేటప్పుడు పోటు పెట్టి, కాసేపు కూచుంటే సర్దుకునేది అరుగుదల. పక్కింటామెకు పనిచేసిన పథ్యం మనకు పనిచెయ్యకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే: ఆమె జబ్బు వేరు, మన జబ్బు వేరు.

ముందు ఎద్దులు చెప్పాయి

నల్లగొండ జిల్లాలో కీళ్ల నొప్పుల గురించి రాస్తూ నీళ్లను వదిలేస్తే అన్యాయం చేసినట్టే.

1930ల్లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల్లో (ఇప్పుడవి ఎక్కువ భాగం ప్రకాశం వైపు) రైతులు ఒక సంగతి గమనించారంటారు. వయసులో ఉన్న ఎద్దులు నాగలి లాగలేకపోతున్నాయి. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి. పడుకున్నవి లేవలేకపోతున్నాయి. తర్వాత మనుషులకూ అదే వచ్చింది. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఇది బావినీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని ప్రచురించారు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది ఈ తెలుగు నేల మీదే. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ వ్యాసంతో మన జిల్లా పేరు లండన్ దాకా పోయింది, ఒక నొప్పి పేరుగా.

ఫ్లోరైడ్ మన గ్రానైట్ రాళ్లలోనే ఉంది. లోతు బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చనీ మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. 1967లో సాగర్ కాల్వల్లోకి నీళ్లు వదిలాక మా వైపు పొలాలకు కృష్ణ నీళ్లొచ్చాయి. పడమటి మండలాలు మాత్రం ఆ తర్వాతా దశాబ్దాలపాటు బోర్లనే నమ్ముకున్నాయి. ఒకే జిల్లాలో రెండు రకాల మోకాళ్లు తయారయ్యాయని నాకనిపిస్తుంది.

ఫ్లోరోసిస్ మొదట్లో అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది. మెడ పట్టేస్తుంది, నడుం వంగదు, కీళ్లు లాగుతాయి. దాన్ని పసిగట్టడానికి వైద్య సిబ్బంది ఊళ్లలో చేయించే మూడు పనులు మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. నిలబడి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ వెనక్కి మడిచి తల వెనక భాగాన్ని తాకండి. చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు. కానీ చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగిన ఊరి మనిషి ఈ మూడింట్లో ఇబ్బంది పడితే, పొడులూ మాత్రలూ కొనేముందు నీళ్లనూ మూత్రాన్నీ పరీక్ష చేయించుకోవడం మేలు.

చింతపులుపు

'పులుపు తింటే కీళ్లు పట్టేస్తాయి' అనే మాట వినని తెలుగువాడు ఉండడు. నొప్పి మొదలవగానే ఇంట్లో ముందు మాయమయ్యేది చారు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న విషయాన్ని పరీక్షించారు. ఒక వసతి గృహంలో ఉండి చదువుకునే 18 మంది మగపిల్లలకు మధ్యాహ్న భోజనంతో రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టారు. వాళ్ల మూత్రంలో రోజుకు సుమారు 3.5 మిల్లీగ్రాములు బయటికి పోతున్న ఫ్లోరైడ్ 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. ఒంటికి అవసరమైన మెగ్నీషియం, జింక్ పోవడం తగ్గింది. ఈ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి.

10 గ్రాములంటే ఎంత? చిన్న నిమ్మకాయంత ఉండ. మన ఇంట్లో పప్పుచారుకు నానబెట్టేదాంట్లో ఒక మనిషి వంతు. ఎవరో మాత్ర చేసి అమ్మాల్సిన అవసరం లేనిది, తరతరాలుగా మన గిన్నెలో ఉన్నదే. ఇది చిన్న అధ్యయనమే. చింతపండు వంగిన ఎముకను నిటారు చేస్తుందని ఎవరూ చెప్పలేదు. అయినా ఫ్లోరైడ్ నీళ్ల ఊరిలో కీళ్ల నొప్పి అని చెప్పి చారు మానిపించడం నాకు బాధగా ఉంటుంది. అరుగుదల నొప్పికైనా పులుపు శత్రువని తేల్చిన పరిశోధన నాకెక్కడా కనపడలేదు. కడుపులో మంట ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి, అది వేరే లెక్క.

పాలు, పెరుగు, మునగాకు, ఉసిరి, జామ కూడా ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో తినమని చెప్పే తిండే. కాల్షియం ఎక్కువగా ఉన్న తిండి కడుపులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. పెద్దమ్మ సంచిలో దొరికిన నల్ల ఉప్పు మాత్రం ఇందుకు ఎదురు. అందులో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు దాన్నీ, పాలు కలపని నల్ల టీనీ మానుకోవాలని చెబుతారు. ఆరోగ్యానికి మంచిదని మజ్జిగలో వేసుకుని తాగుతున్న ఉప్పు అది. ఆ పొట్లం ఆ రోజే పక్కన పెట్టేశాం.

జొన్నన్నం, డ్యాం, ముట్టి మోకాళ్లు

1973లో అదే పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక కొత్త సంగతి రాశారు. ఫ్లోరైడ్ పల్లెల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి. జొన్న ప్రధానంగా తినేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. నాగార్జునసాగర్ కట్టాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చి నేల గుణం మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి ఒంట్లోని రాగిని తరిమేస్తోందేమోనని శాస్త్రవేత్తలు అనుమానించారు. డ్యాం నీటికీ మోకాలికీ మధ్య ఇలాంటి దారి ఒకటి ఉండొచ్చని అంతకుముందు ఎవరూ ఊహించలేదు.

ఇది చదివి జొన్నరొట్టె మానేయకండి. అసలు దోషం నీళ్లది. మంచి నీళ్లు తాగేవాళ్లకు జొన్న మంచి తిండే, షుగర్ ఉన్నవాళ్లకు మరీనూ.

ఆఫ్రికాలో మన జిల్లా పేరు

'నల్లగొండ టెక్నిక్' అనే మాట టాంజానియా, కెన్యా, ఇథియోపియా నీటి ఇంజినీర్లకు తెలుసు. బిందెడు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, తేర్చి, ఫ్లోరైడ్ తగ్గిన పైనీళ్లు వంచుకునే పద్ధతి. 1970ల్లో నాగపూర్‌లోని నీరీ సంస్థ దీన్ని రూపొందించింది. ఖరీదైన యంత్రం లేకుండా ఒక ఇల్లాలు తన వంటింట్లో చేసుకోగలిగే పని కావడమే దాని గొప్ప. మా తరం పిల్లలకు బడిలో ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేది.

చికెన్ గున్యా

2005 చివర్లో రాయలసీమలో మొదలై 2006కల్లా ఉమ్మడి రాష్ట్రమంతా ఇంటికొకరిని కుంటించిన జ్వరం గుర్తుందా? జ్వరం వారంలో పోయినా కీళ్ల నొప్పి నెలల తరబడి ఉండిపోయింది. పేరులో 'చికెన్' వినపడిందని కోడికూర మానేసిన ఇళ్లు ఎన్నో. ఆ మాటకు కోడితో ఏ సంబంధం లేదు. చికున్‌గున్యా అనేది టాంజానియా వైపు మకొండే భాష మాట. 'ఒంచి వేసేది' అని అర్థం. 1952లో అక్కడ జబ్బు బయటపడినప్పుడు మనుషులు నొప్పికి వంగిపోయి నడవడం చూసి పెట్టిన పేరు. తెచ్చింది దోమ. కోలుకోవడానికి మాంసకృత్తులు కావలసిన రోజుల్లో గుడ్డూ కోడీ మానిపించాం.

6 కిలోలు, పాతిక కిలోల బస్తా

మోకాళ్ల అరుగుదలకు తిండి చేసే మేలు గురించి నేను చదివినవాటిలో అన్నిటికన్నా గట్టి లెక్క ఇది. మనిషి ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు అడుగు అడుగుకీ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పారు.

మిర్యాలగూడ మనిషికి అర్థమయ్యేలా చెప్పనా? 6 కిలోలు తగ్గితే 24 కిలోలు. మిల్లు నుంచి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాను ఒక్కో అడుగుకూ మోకాలి మీద నుంచి దించినట్టు. పొలానికి పోయి వచ్చే మనిషి రోజుకు ఎన్ని వేల అడుగులు వేస్తుందో లెక్కేసుకోండి. 2013లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 454 మందిని ఏడాదిన్నర గమనించారు. తిండి తగ్గించి వ్యాయామం కూడా చేసినవాళ్ల నొప్పి దాదాపు సగానికి తగ్గింది.

ధాన్యపు రాసుల మధ్య బతికే ఊళ్లలో పళ్లెం నిండా తెల్లన్నం, పక్కన ఇంత కూర. దాన్ని తిరగేసి అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర ఒక గరిటె పెంచడం అనేది ఏ షాపులోనూ దొరకని మందు. పైసా ఖర్చు లేనిది. ఎందుకో దీన్ని చెప్పేవాళ్లు తక్కువ, పొడులు చెప్పేవాళ్లు ఎక్కువ.

ఆ పెద్ద మాత్ర రొయ్య పొట్టు నుంచి వస్తుంది

గ్లూకోసమైన్. మోకాలి నొప్పికి అమ్మే మాత్రల్లో ఎక్కువగా కనిపించే పేరు. రొయ్య, పీత పొట్టులోని కైటిన్ అనే పదార్థం నుంచి దీన్ని ఎక్కువగా తీస్తారు. దాంతో జోడీ కట్టే కాండ్రాయిటిన్ పశువుల, సొరచేపల మృదులాస్థి నుంచి వస్తుంది. నీసు ముట్టని ఎన్నో ఇళ్లలో పూజ చేసి లేచి మింగుతున్న మాత్ర ఇది. ఎవరి నమ్మకం వాళ్లది, కానీ తెలిసి మింగాలి. రొయ్యలు పడనివాళ్లు, ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు డాక్టరుకు చెప్పి తీరాలి. సప్లిమెంట్ డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో, గోధుమరంగు త్రికోణం ఉందో చూడండి. మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోసమైన్ కూడా దొరుకుతుంది.

మరి పనిచేస్తుందా? అమెరికా ప్రభుత్వ సొమ్ముతో 1,583 మంది మోకాలి రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. కొందరికి గ్లూకోసమైన్, కొందరికి కాండ్రాయిటిన్, కొందరికి రెండూ, కొందరికి నొప్పి మాత్ర, ఇంకొందరికి మందే లేని ఉత్త మాత్ర. 24 వారాల తర్వాత చూస్తే మొత్తం మీద ఆ రెండూ ఉత్త మాత్ర కన్నా చెప్పుకోదగ్గ మేలు చెయ్యలేదు. బాగా నొప్పి ఉన్న ఒక చిన్న గుంపులో రెండూ కలిపి వాడితే కొంత ఫలితం కనపడింది.

నన్ను ఆపేసిన సంఖ్య మాత్రం వేరే ఉంది. ఉత్త మాత్ర మింగినవాళ్లలో 100కు 60 మంది నొప్పి తగ్గిందన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కీళ్ల నొప్పి అలల్లా వస్తుంది, పోతుంది. పట్టించుకునే మనిషి దొరికినా, ఏదో చేస్తున్నామన్న ధైర్యం కలిగినా తగ్గుతుంది. అందుకే 'నాకు తగ్గింది, నువ్వూ వాడు' అనే మాటలో మనసు ఎంత మంచిదైనా, మందు ఎంత మంచిదో అది చెప్పదు. నెలకు వెయ్యీ రెండువేలూ పోసేవాళ్లు మూడు నెలలు చూసి తేడా లేకపోతే ఆపెయ్యడం న్యాయం.

పాయా తాగితే కాళ్లకు బలమా?

మేక కాళ్లు తాగితే మన కాళ్లు బాగుపడతాయని ఒక నమ్మకం. పాయాలోని కొల్లాజెన్ కడుపులో ముక్కలై మామూలు మాంసకృత్తుల్లాగే రక్తంలో కలుస్తుంది. తిన్నగా మోకాలికి పోయే దారి దానికి తెలియదు. రుచికీ, మాంసకృత్తులకూ తాగండి. గౌట్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త.

నల్లేరు మీద బండి నడక

తేలికైన పనికి మనం వాడే జాతీయానికి ఎముకల పేరున్న మొక్క దొరకడం చూడండి. నలుపలకల కాడల ఈ తీగను హిందీలో 'హడ్‌జోడ్' అంటారు, ఎముకలు అతికేదని. మన పల్లెల్లో లేత కణుపులు కోసి, చేతులకు నూనె రాసుకుని నార తీసి, నూనెలో బాగా వేయించి చింతపండుతో పచ్చడి నూరుతారు. నూనె ఎందుకంటే పచ్చి నల్లేరు చేతులకూ గొంతుకూ దురద పుట్టిస్తుంది. వేయించడమూ పులుపు కలపడమూ ఆ దురదను విరవడానికే. విరిగిన ఎముకల విషయంలో దీని మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. కీళ్ల అరుగుదలకు గట్టి రుజువు ఇంకా రాలేదు. పచ్చడిగా అన్నంలో కలుపుకోవడానికి నాకే అభ్యంతరం లేదు, వేడన్నంలో చాలా బాగుంటుంది.

పసుపు: కూరలో ఒక లెక్క, క్యాప్సూల్‌లో ఒక లెక్క

గాయాలకు పసుపు వాడకం కొత్త ఆవిష్కరణ అని 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి పోరాడింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్ల దేశంలో పసుపు గురించి ఇంకొకరు పాఠం చెప్పబోవడం అప్పట్లో అందరికీ కోపం తెప్పించింది.

పసుపులో పనిచేసే కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ల లెక్కన మాత్రమే ఉంటుంది. పైగా పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని చూపారు. అప్పటి నుంచి క్యాప్సూళ్లలో మిరియాల సారం కలపడం మొదలైంది. మోకాలి నొప్పికి కర్క్యుమిన్ కొంత ఉపశమనం ఇస్తుందని చాలా చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. రక్తంలోకి ఎక్కువ చేరేలా చేసిన ఈ క్యాప్సూళ్లు వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి. కూరలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు. క్యాప్సూళ్లు మింగుతూ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు.

అందుగు చెట్టు, విజయవాడ

పొడి కొండ అడవుల్లో పెరిగే అందుగు చెట్టు బంకను ధూపానికి వాడతారు. దాని లాటిన్ పేరు బోస్వెల్లియా సెర్రేటా. ఆ బంకసారాన్ని శుద్ధి చేసి విజయవాడ లైలా సంస్థ తయారుచేసిన మందును 75 మంది మోకాలి రోగులకు 90 రోజులు ఇచ్చి చూసిన ఫలితాలు 2008లో అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. ఉత్త మాత్ర కన్నా నొప్పి బాగా తగ్గిందని తేలింది. పరిశోధకుల్లో ఆ సంస్థవాళ్లూ ఉన్నారు, రోగుల సంఖ్యా తక్కువే. ఆ రెండూ గుర్తుపెట్టుకోవాలి. అయినా మన అడవి బంక మీద మన దగ్గరే ఇంత పద్ధతిగా పరీక్ష జరగడం నాకు సంతోషంగా ఉంది.

రెండు అవిసెలు

సూపర్‌మార్కెట్లో దొరికే అవిసె గింజలు నార తీసే చిన్న మొక్కవి. తమలపాకు తోటల్లో నాటే, పూలు కూర వండుకునే అవిసె చెట్టు వేరే జాతి. పేరొక్కటే కలిసింది.

గింజల్లో ఒమేగా-3 నూనె ఉంది నిజమే. కానీ చేపల్లోని రకంగా దాన్ని మార్చుకోవడంలో మన ఒళ్లు చాలా బద్ధకం చూపిస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో పొద్దుటి బిగుతునూ నొప్పినీ కొంత తగ్గిస్తుందని రుజువైంది చేపనూనె. చెరువు బొచ్చె, రవ్వ కన్నా సముద్రపు కవళ్లు, కానాగంతల్లో అది ఎక్కువ. మిర్యాలగూడ మార్కెట్లో అవి రోజూ దొరకవు, దొరికినప్పుడు వదలకండి.

గౌట్: పాలకూర నిర్దోషి

యూరిక్ యాసిడ్ ఎక్కువైందనగానే పాలకూర, పప్పు, పుట్టగొడుగులు బంద్. 47 వేల పైచిలుకు మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. మాంసం, సముద్రపు ఆహారం ఎక్కువ తిన్నవాళ్లలో గౌట్ పెరిగింది. పప్పులూ కూరగాయలూ తిన్నవాళ్లలో పెరగలేదు. పాలు, పెరుగు బాగా తీసుకున్నవాళ్లలో తగ్గింది. మద్యాల్లో బీరు ముందు వరుసలో నిలిచింది. బోటీ, కార్జం, బీరు కలిసిన దావత్ తర్వాతి రాత్రి బొటనవేలు పేలిపోవడం ఊరికే జరగదు. పథ్యం ఒక్కదానితో యూరిక్ యాసిడ్ బాగా దిగేది కొద్దిమందికే. ఎక్కువమందికి మందు కావాలి, అది నొప్పి తగ్గాకా కొనసాగించాలి.

ఎండలో పనిచేసినా

తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ఒక ఆశ్చర్యం బయటపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న మన దక్షిణాది జనంలో, పల్లెల్లో కూడా, చాలామందికి విటమిన్ డి తక్కువ, తిండిలో కాల్షియం తక్కువ. లోటు ఉంటే ఎముకలూ కండరాలూ సలుపుతాయి, దాన్నీ కీళ్లవాతం అనుకుంటాం. లోటు పూడిస్తే ఆ నొప్పి పోతుంది. లోటు లేనివాళ్లకు, అరిగిన మోకాలికి మాత్రం విటమిన్ డి మందు కాదు. ఇంకో మాట: 60,000 యూనిట్ల ప్యాకెట్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ చెప్పినన్ని వారాలే. రోజూ పాలలో కలుపుకు తాగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు ముప్పు.

పేరులేని పొట్లం

సంచి అడుగున దొరికిన పొడి దగ్గరికి వస్తాను.

"మూడు దినాలు మింగిన బిడ్డా, నాలుగో దినం నాటుకు పోయిన. మంత్రమేసినట్టే" అంది పెద్దమ్మ. ఎవరో ఊళ్లమ్మట తిరిగి అమ్మాడట. చెట్ల మందు అన్నాడట. రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లో ఆమె బుగ్గలు ఉబ్బి ముఖం గుండ్రంగా అయింది. "ఒళ్లు చేసిన" అని సంబరపడింది కూడా. చేతుల మీద చర్మం పలచబడి, గాజు తగిలినా నల్లగా కమిలిపోతోంది. ఎప్పుడూ లేనిది షుగర్ 280 చూపించింది.

ఇవి స్టెరాయిడ్ గుర్తులు. 'హెర్బల్' అని అమ్మే కీళ్ల మందుల్లో చాటుగా స్టెరాయిడ్ కలపడం ప్రపంచమంతా ఉన్న మోసం. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ 'ఆర్ట్రి కింగ్' అనే కీళ్ల సప్లిమెంట్‌లో డబ్బా మీద చెప్పని డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ దొరికాయని వరుస హెచ్చరికలు జారీ చేసింది. మూడు రోజుల్లో అద్భుతం చేసే చెట్ల పొడిని అనుమానించండి. చెట్లు అంత తొందరగా పనిచెయ్యవు.

దానికన్నా ముఖ్యమైనది: నెలల తరబడి వాడినదాన్ని ఒక్కరోజులో ఆపెయ్యకండి. ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారీ మానేసి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పెద్దమ్మను అలాగే తీసుకెళ్లాం. మెల్లమెల్లగా తగ్గిస్తున్నారు. నొప్పి కొంత తిరిగి వచ్చింది, ముఖం మామూలైంది.

భీమవరం నుంచి వచ్చిన రెండు మాత్రలు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ప్రపంచమంతా మొదట వాడే మందు మెథోట్రెక్సేట్. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చే విటమిన్ ఫోలిక్ యాసిడ్. ఈ రెండింటి వెనకా ఉన్న మనిషి ఒక్కరే, మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, అమెరికా చేరిన ఆయన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను పిల్లల రక్తక్యాన్సర్ కోసం తయారుచేసింది. 1948లో ఆయన పోయారు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినాప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశాడు. 1988లో అమెరికాలో మెథోట్రెక్సేట్‌కు ఆ జబ్బుకు అనుమతి వచ్చింది. ఇవాళ వేళ్లు వంకర పోకుండా తమ పని తాము చేసుకుంటున్న లక్షలమంది ఆయనకు రుణపడి ఉన్నారు. వాళ్లలో మా వదిన ఒకతె. మందు మొదలుపెట్టక ముందు ఆమె జడ వేసుకోలేకపోయేది, చపాతీ పిండి కలపలేకపోయేది. ఏ పథ్యమూ ఏ పొడీ ఆ జబ్బులో కీలు పాడవడాన్ని ఆపలేవు, ఈ మందు చాలావరకు అదుపు చేయగలదు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

ఒక్క జాగ్రత్త. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గర్భం దాల్చాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, మద్యంతో కలపకూడదు, రక్తపరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. మా వదిన గోడ క్యాలెండర్లో ఆదివారాలన్నిటికీ పసుపు చుక్క పెట్టుకుంది, ఫోలిక్ యాసిడ్ రోజులకు ఎర్ర చుక్క. మీ ఇంట్లో, మీ వాకిట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే ఇవాళే ఆ అట్ట తీసి చదివి, ఏ రోజు వేసుకుంటున్నారో అడగండి.